పదకొండో ముద్ర

తబితకి రెండు పేర్లు. చర్చిలో, ఇంట్లో, మొగుడి నోట్లో తబిత. పదో తరగతి సర్టిఫికెట్‌లో, కులం కాగితంలో, యూనిట్ హాజరు పుస్తకంలో నాగదుర్గ. రాజోలు పక్కన ఆవిడ పుట్టిన పేటలో ఇదేం వింత కాదు. అక్కడ సగం మందికి దేవుడి దగ్గర ఒక పేరు, ప్రభుత్వం దగ్గర ఇంకో పేరు. బైబిలు పేరు కాగితం మీదకి ఎక్కిందంటే ఎస్సీ అన్న మాట ఆ కాగితం మీంచి దిగిపోతుంది. పేట మారదు, పేట వాళ్ళని ఊరు చూసే చూపు మారదు, మారేది కాగితం ఒక్కటే. అందుకే బడిలో చేర్చిన రోజు మేష్టారు "ఏం పేరు రాయమంటావు?" అని అడిగితే, తండ్రి సామ్యేలు దారిలో అనుకుంటూ వచ్చిన పేరు చెప్పాడు. మేష్టారికీ తెలుసు. ఆ తర్వాత ఆ కాగితం చూసిన ప్రతి గుమాస్తాకీ తెలుసు. తెలిసి తెలియనట్టు ఉండటంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. అవసరం పడినప్పుడు మాత్రం ఆ తెలిసిన సంగతి చప్పున గుర్తొస్తుంది.

ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివింది. పెళ్ళయింది. భర్త యెహెజ్కేలు పోలవరం డ్యామ్ పనుల్లో వెల్డరు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. కూతురు హారతి బడికి వెళ్ళే వయసు వచ్చాక తబిత రాజమండ్రి ఊరి బయట దొరబాబు గారి యూనిట్‌లో చేరింది. ఒకప్పటి ధాన్యం గోడౌన్ అది. లోపల మాత్రం ఆసుపత్రి ఆపరేషన్ గదిలా తెల్లగా, చల్లగా ఉంటుంది. తలకి టోపీ, కాళ్ళకి తొడుగులు లేకుండా ఎవరినీ గడప దాటనివ్వరు.

అక్కడ తయారయ్యేది హెలికాప్టర్‌లో పైలట్ ముందుండే తెరల్ని నడిపే కంప్యూటర్. దాని డిజైను గీసేది, చిప్‌లు అతికించి పంపేది బెంగళూరు కంపెనీ. ఆ బోర్డుల్ని కడిగి, పూత వేసి, పెట్టెలో బిగించి, పరీక్షించి పంపేది దొరబాబు గారు. మన ఇళ్ళల్లో కంప్యూటర్‌కి ఫ్యాను ఉంటుంది, కాస్త దుమ్ము పట్టినా మూలుగుతుంది. దీనికి ఫ్యాను లేదు, సందు లేదు. వేడంతా బోర్డు అంచుల్లోంచి అల్యూమినియం గోడకి పాకి బయటికి పోవాల్సిందే. దాన్ని బల్లకి బిగించి గంటల తరబడి కుదిపేస్తారు. పొయ్యిలో పెడతారు, మంచులో పెడతారు, ఉప్పునీటి ఆవిరిలో నిలబెడతారు. వీటన్నిటికీ ఓర్చుకుంటేనే అది సైన్యానికి పనికొస్తుంది. కూతురు చిన్నప్పుడు "నువ్వేం చేత్తావమ్మా?" అని అడిగితే తబిత "దేనికీ చావని కంప్యూటర్లు చేత్తాను" అని చెప్పేది.

ఆవిడ పని పూత. పైనుంచి చెమ్మ తగలకుండా బోర్డు మీద వెంట్రుక మందంలో ఒక తెర వేయాలి. ఎక్కువైతే వేడి బయటికి పోదు, తక్కువైతే చెమ్మ లోపలికొస్తుంది. ఒంట్లో కరెంటు చిప్‌లకి తగలకుండా మణికట్టుకి పట్టీ, ఆ పట్టీ నుంచి బల్లకి తీగ. పలుపుకి కట్టిన గేదెలా రోజంతా ఆ తీగ పొడవులోనే మెసలాలి. పూత ఆరాక గదిలో లైట్లు ఆర్పి నల్ల దీపం అనే అల్ట్రావయొలెట్ లైటు కింద చూస్తే, పూత పడినచోట నీలంగా మెరుస్తుంది, పడనిచోట చీకటిగా ఉంటుంది. తబిత బోర్డులు అంచు నుంచి అంచు దాకా నీలంగా ఉండేవి. కొత్తవాళ్ళకి చూపించడానికి ఆవిడ బోర్డునే తెచ్చేవారు.

ప్రతి బోర్డు వెంటా ఒక కార్డు ఉంటుంది. కడిగినవాళ్ళు, పూత వేసినవాళ్ళు, చూసినవాళ్ళు ఎవరి గడిలో వాళ్ళు తమ నెంబరున్న రబ్బరు ముద్ర వేయాలి. పదేళ్ళ తర్వాత ఏదైనా తేడా వచ్చినా అది ఎవరి చెయ్యో కార్డు చెబుతుంది. ఆ ముద్ర కోసం తబిత బెంగళూరు వెళ్ళి పరీక్ష రాసింది, రెండేళ్ళకోసారి మళ్ళీ రాసేది. ఆవిడది పదకొండు. కాగితాల నిండా అరువు పేరున్న మనిషికి, తనదే అని చెప్పుకోదగ్గది ఆ నెంబరొక్కటే. గోదావరికి పెద్ద వరదొచ్చిన సంవత్సరం లంకల మీద హెలికాప్టర్లు తిరిగి పులిహోర పొట్లాలు జారవిడిచినప్పుడు, పుట్టింట్లో ఉన్న తబిత తల పైకెత్తి "దాని బుర్రలో నా ముద్ర ఉందేమో" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఇక దొరబాబు గారు. పెద్దాపురం మనిషి. అక్కడి అమ్మవారు మరిడమ్మ మీద భక్తి. జాతరకి వెళ్ళి తెచ్చిన కుంకుమ భరిణె ఆయన టేబుల్ సొరుగులో ఎప్పుడూ ఉంటుంది. ఏ లాట్ అయినా మొదటి పెట్టెకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టాకే లారీ ఎక్కించేవారు. అందులో ఎవరికీ అభ్యంతరం లేదు, తబితకీ లేదు. ఆయన పంచే లడ్డూ ఆవిడా తినేది. రెండో లాట్ వెళ్ళినప్పుడు మాత్రం మొదటి పెట్టె తిరిగొచ్చింది. పచ్చ రంగు మీద ఎర్ర మరక ఉందని బెంగళూరు వాళ్ళు తిప్పి పంపారు. దొరబాబు గారికి మనసు చివుక్కుమంది. బొట్టు పెట్టడం తప్పని ఆయనకి తోచలేదు, పెట్టినచోటు తప్పనుకున్నారు. మూడో లాట్ మొదటి బోర్డు పూత కోసం తబిత బల్ల మీదకి రాగానే భరిణెతో వచ్చి నిలబడ్డారు.

"పైన పెడితేనే కదా గొడవ. లోపల పెట్టేద్దాం," అని బోర్డు చట్రం అంచున వేలితో ఒక బొట్టు పెట్టారు.

"పొడి రాలుద్దండి. ఇంకా పూత పడలేదు," అంది తబిత.

"ఒక్క చుక్కేనమ్మా. పూత కింద భద్రంగా ఉంటాది. అమ్మవారు లోపలుంటే ఇంక దానికేం కాదు."

"కార్డులో రిమార్కు రాయమంటారా అండి?"

"అమ్మవారి కుంకాన్ని లోపమని రాత్తావా నువ్వు?" అని ఆయన నవ్వుతూనే అన్నారు. నవ్వుతూ అన్నా, ఆ "నువ్వు" దగ్గర గొంతు కాస్త ఆగింది.

ఇంకెవరైనా వద్దంటే అది బోర్డు కోసం వద్దన్నట్టు ఉంటుంది. తబిత వద్దంటే అమ్మవారి కుంకుమ వద్దన్నట్టు ఉంటుంది. ఆవిడ ఊరుకుంది. ఆయన వెళ్ళాక స్పిరిట్‌లో కుంచె ముంచి ఆ బొట్టు తుడిచింది. పొడి పోయింది కానీ స్పిరిట్ గులాబి రంగుకి తిరిగి, పెద్ద చిప్ కిందకి పాకింది. చిప్ కింద ఏముందో ఏ కుంచే చూడలేదు. ఆరబెట్టి, పూత వేసి, నల్ల దీపం కింద చూస్తే చిప్ అంచున ఆవగింజంత చీకటి కనిపించింది. రిమార్కుల గడి ఖాళీగా వదిలి పదకొండో ముద్ర వేసింది. ఇది ఆవిడ తప్పే, దాచడానికేం లేదు. ఆ రోజు గడి నింపి ఉంటే ఈ కథే లేదు.

అలా ఎనిమిదో లాట్ దాకా, ప్రతి లాట్‌లో మొదటి బోర్డు కడుపులో మరిడమ్మ కుంకుమ వెళ్ళింది. మొత్తం ఆరు బోర్డులు. అందులో నాలుగింటికి తబిత పూత వేసింది. ఆరో లాట్‌కీ ఏడో లాట్‌కీ ఆవిడ కడిగే బల్ల దగ్గరుంది, ఆ రెండు మొదటి బోర్డులూ పక్క బల్ల వీరవేణి చేతికొచ్చాయి. వీరవేణి కాకినాడ రేవులో చేపలమ్మే వాళ్ళ పిల్ల, తొమ్మిదో ముద్ర. దొరబాబు గారు బొట్టు పెడుతుంటే కళ్ళకద్దుకుని మరీ పూత వేసింది.

సముద్రం ఒడ్డున ఏదో స్థావరంలో, ఒక పొద్దున, ఎగరబోయే ముందు ఇంజన్ తిప్పి చూస్తుంటే పైలట్ ముందు తెరలు నల్లబడిపోయాయి. నేల మీదే ఉంది కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. రెండు నెలలకి ఇంకో హెలికాప్టర్‌లో అదే జరిగింది. రెండు పెట్టెలూ విప్పారు. చిప్ కింద ఎర్రటి పొక్కు. గాలిలో చెమ్మ మెల్లమెల్లగా పూతలోంచి దిగి ఆ పొడిని తడిపింది, చిప్‌కి పక్కపక్కనున్న రెండు కాళ్ళ మధ్య సన్నటి లోహపు పోగు మొలిచి రెంటినీ కలిపేసింది. ల్యాబ్‌లో చూసి సున్నం, పసుపు, ఎర్ర రంగు అని తేల్చారు. అంటే కుంకుమ. రెండు కార్డుల మీదా పూత గడిలో పదకొండో ముద్ర.

దొరబాబు గారు తబితని తన గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. పద్నాలుగేళ్ళలో ఆ గదిలో ఆవిడని కూర్చోమనడం అదే మొదటిసారి.

"కుంకం ఎలా వచ్చిందని అడుగుతున్నారమ్మా. పూత వేసే మనిషి నుదుటి మీంచి రాలి ఉంటదని చెప్పాను," అన్నారు.

"నేను బొట్టు పెట్టుకోనండి."

"తబిత పెట్టుకోదు. నాగదుర్గ పెట్టుకోదా?"

తబిత కుర్చీ అంచుకి జరిగింది.

"నేను పెట్టానన్నాననుకో, పద్ధతే తప్పంటారు. ఆర్డరు పోద్ది, నలభై మంది రోడ్డున పడతారు. నువ్వంటే ఒక మనిషి పొరపాటు. మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చామని రాసేత్తాం, అయిపోద్ది," అని ఆయన కాఫీ గ్లాసు ఆవిడ వైపు జరిపారు. "పాపకి మెడిసిన్ రెండో ఏడు కదా ఇప్పుడు? కులం కాగితం ఆలస్యమైతే ఆఫీసులో మాట్లాడింది నేనే. గుర్తుందా?"

"ఉందండి."

"ఈ అమ్మ అసలు బొట్టే పెట్టుకోదు, ఆదివారం చర్చికెళ్ళుద్ది అని నువ్వే అందరి ముందూ చెప్పుకుంటే, రేపు ఎవడో ఒకడు ఆ సంగతి కాలేజీకి రాత్తాడు. అప్పుడు నేనేం చెయ్యగలను చెప్పు."

బెదిరింపు కూడా అండి, అమ్మా అంటూ మర్యాదగానే చేస్తారు మా వైపు. కేక వేస్తే ఎదురు కేక వేయొచ్చు. కాఫీ ఇచ్చి మరీ అన్నదానికి ఏం ఎదురు చెబుతారు? తబితకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎవరికీ చూపించలేక కాఫీ తాగేసి లేచింది.

పోలవరం ఫోన్ చేసి మొగుడికి చెప్పింది. యెహెజ్కేలు చాలాసేపు విని, "అబద్ధమాడమని నేను చెప్పలేను. నిజం చెప్పమనీ చెప్పలేను," అన్నాడు. అది కూడా ఒక జవాబేనా అని ఆవిడకి మొదట కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే తన దగ్గరా అంతకంటే మంచి జవాబు లేదు. హారతికి మాత్రం ఏమీ చెప్పలేదు.

బెంగళూరు నుంచి విచారణకి మనిషి వచ్చే రోజు పొద్దున, బట్టలు మార్చుకునే గదిలో వీరవేణి తన సంచిలోంచి చిన్న భరిణె తీసింది.

"స్టిక్కరు చాలదంటావా?" అని అడిగింది తబిత.

"పొడి రాలింది కదే రిపోర్టులో. స్టిక్కరు ఎలా రాలుద్ది?" అని వీరవేణి ఆవిడ గడ్డం పట్టుకుని బొట్టు పెట్టింది. ఒక అడుగు వెనక్కి వేసి చూసి, "బాగానే నప్పిందే," అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది. తబితకి అద్దం చూడబుద్ధి కాలేదు. పుట్టినప్పటి నుంచీ ఖాళీగా ఉన్నచోట ఏదో పాకుతున్నట్టే ఉంది. ఆదివారం ప్రార్థనలో ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలా అనుకుంది.

వచ్చినాయన పేరు శివరామకృష్ణ. స్వస్థలం నిడదవోలు, ముప్ఫై ఏళ్ళ కిందట బెంగళూరులో స్థిరపడ్డారు. తల నెరిసిన మనిషి, మాటలో తొందర లేదు. కాసేపు అందరి ముందూ మాట్లాడి, దొరబాబు గారిని బయట కూర్చోమన్నారు. గదిలో ఇద్దరే మిగిలారు.

"నాగదుర్గ గారూ, మీ బోర్డులు నేను ఎన్నో చూశాను. ఇంత బాగా పూత వేసే మనిషి బొట్టు రాలేదాకా చూసుకోలేదంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు," అన్నారాయన. "ఈ పెట్టె ముందు మనుషులు కూర్చుంటారమ్మా. ఎవరైనా ఏదైనా చెప్పొద్దన్నా సరే, నాకు చెప్పండి."

తలుపు మూసి ఉంది, బయటికి వినపడదు. చెప్పేయొచ్చు. మూడో లాట్, మొదటి బోర్డు, ఆయన వేలు, ఇంత చిన్న సంగతి. తబిత నోరు తెరిచింది కూడా. తెల్ల కోటు వేసుకుని మొదటి రోజు కాలేజీ గేటు దగ్గర నిలబడిన హారతి కళ్ళ ముందుకొచ్చింది.

"బొట్టు పెట్టుకునే పనిలో కూర్చున్నానండి. టోపీ పైకి జరిగి ఉంటాది. నాదే పొరపాటు."

ఆయన ఆవిడ నుదుటి వైపు చూశారు. నిట్టూర్చి ఫైల్‌లో రాసుకున్నారు. "అయితే పూత గడిలో పదకొండో ముద్ర ఉన్న బోర్డులేవీ నమ్మడానికి లేదు. చెడిన రెండింటితో కలిపి యాభై రెండున్నాయి, మిగతావన్నీ హెలికాప్టర్ల నుంచి తీయించేస్తాం," అన్నారు. "తొమ్మిదో నెంబరు వాళ్ళవి బాగానే ఉన్నాయి. అవి ఎగరనిద్దాం."

తబిత మనసులో లాట్‌లు లెక్కపెట్టుకుంది. అబద్ధం తన ఒక్కదాని మీదే పడుతుందనుకుంది ఇంతసేపూ. ఆరో లాట్‌లో మొదటిది, ఏడో లాట్‌లో మొదటిది. రెండింటి కడుపులోనూ అదే కుంకుమ ఉంది. రెండూ ఈ క్షణాన ఏ సముద్రం మీద తిరుగుతున్నాయో తెలియదు. వాటి సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఒకాయన బయట కుర్చీలో కూర్చున్నాడు, ఒకామె పక్క గదిలో పూత వేస్తోంది, మూడో మనిషి తను.

"సార్," అంది. "ఇంకో రెండున్నాయండి. ఆరో లాట్‌లో ఒకటోది, ఏడో లాట్‌లో ఒకటోది. ముద్ర వీరవేణిదే గానీ, పూత వేసింది నేనండి. ఆవిడ సొరుగులోంచి ముద్ర తీసి నేనే వేశాను. ఆవిడకి తెలీదు."

శివరామకృష్ణ గారు కలం కింద పెట్టారు. "ఏమంటున్నారో తెలుస్తోందా? బొట్టు రాలడం పొరపాటు. ఇంకొకరి ముద్ర దొంగతనంగా వేయడం పొరపాటు కాదు. ఇంక ఈ పనిలో మిమ్మల్ని ఎవరూ పెట్టుకోరు, ఎక్కడా."

"తెలుసండి. అవి కూడా వెనక్కి రప్పించండి."

వీరవేణిని పిలిచి అడిగారు. ఆ రెండు బోర్డులకీ తన చేత్తో పూత వేసిన వీరవేణి, నేల చూపులు చూస్తూ, "అవునండి, ఆ రోజుల్లో సొరుగుకి తాళం వేయడం మర్చిపోయానండి," అంది. తప్పించుకునే దారి కాళ్ళ దగ్గరకొచ్చి పడితే ఎవరు మాత్రం దాటిపోతారు? ఆ తర్వాత తబిత ఉన్న గదిలోకి ఆవిడ రాలేదు.

సాయంత్రానికల్లా లెక్క తేలిపోయింది. కత్తెరతో పదకొండో ముద్రని రెండు ముక్కలు చేసి కవరులో పెట్టి సీలు వేశారు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర దొరబాబు గారు ఎదురొచ్చారు.

"ఆ రెండింటి సంగతి నిన్నెవరూ అడగలేదు కదమ్మా. ఒక్కటి ఒప్పుకుంటే ఉద్యోగం ఉండేది," అన్నారు. నిజంగా బాధపడుతున్నట్టే ఉన్నారు.

"అవి మీకూ గుర్తున్నాయి కదండి. మీరూ ఊరుకున్నారు," అంది తబిత.

ఇప్పుడు ఆవిడ రాజమండ్రిలో ఒక సెల్‌ఫోన్ రిపేరు కొట్టులో పని చేస్తోంది. నీళ్ళలో పడిన ఫోన్లు ఆవిడకే ఇస్తారు. హారతి మూడో ఏడుకి వచ్చింది. మానేశావేంటమ్మా అని అడిగితే కళ్ళు ఆనట్లేదని చెప్పింది.

నాలుగు నెలలకి ఒక మధ్యాహ్నం శివరామకృష్ణ గారు ఫోన్ చేశారు.

"యాభై నాలుగూ విప్పి చూశామమ్మా," అన్నారు. "నలభై ఎనిమిదింట్లో ఏమీ లేదు. అద్దంలా ఉన్నాయి. ఆరింట్లో ఎరుపుంది. ఆ ఆరూ లాట్‌లో మొదటివే. మీ బొట్టు మొదటి బోర్డు మీదే రాలిపడేదా అమ్మా?"

కొట్టు ముందు రోడ్డు మీద ఆటోలు మోగుతున్నాయి. తబిత షట్టరు వైపు తిరిగి నిలబడింది.

"అవునండి," అంది.

"అలాగే రాసుకోమంటారా?"

"ఆయ్. రాసుకోండి."

ఆయన ఫోన్ పెట్టేయలేదు. ఇంకొక్కసారి అడిగితే చెప్పేద్దామని తబిత ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది. ఆయన అడగలేదు.